పాత మజ్లిస్‌లో దున్న ఊపిరి

దెయ్యాల విషయంలో బహ్రెయిన్ మొత్తం మీద నా అంత గుండెగలవాడు లేడు. ఏ పాడుబడ్డ గదికైనా, ఏ రాత్రయినా పోగలను... లైటు వెలుగుతుంటే. పక్కన ఇంకొకరుంటే. ఆ ఇంకొకరు నాకన్నా ముందు నడిస్తే.

హమద్ టౌన్‌లో మేం పనిచేసే ఇంటి వెనక ఒక పాత మజ్లిస్ ఉంది. ఒకప్పుడు మగచుట్టాలు కూర్చుని కహ్వా, అంటే అరబ్బు కాఫీ, తాగిన గది. ఇప్పుడు అటు పిల్లి కూడా పోదు. లోపల గోడకు ఒక అడవిదున్న తల — ఇంతింత కొమ్ములు, గాజుకళ్ళు.

మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, మా కఫీల్‌ని మేం బాబా అంటాం. ఆయన పెదనాన్న ఎప్పుడో ఆఫ్రికా పోయి కొట్టిన దున్న అది. మొదటి గుండు తగిలినా పడలేదట. పొదల్లోకి పోయింది... చప్పుడు లేదు... చచ్చిందనుకుని పెదనాన్న వెతుక్కుంటూ పోతే —

వెనక నుంచి వచ్చింది.

తోడు వచ్చినవాళ్ళెవరో పెద్ద తుపాకితో కొడితేగానీ అది పడలేదు. చీలిన తొడతో ఆయన ఇంటికొచ్చాడు, తల గోడకెక్కింది. చిన్న గుండు తిన్న మృగానికి ప్రాణం పూర్తిగా పోదని, రాత్రిళ్ళు ఆ తల ఊపిరి తీస్తుందని మాకన్నా ముందున్న డ్రైవరు చెప్పి మరీ పోయాడు.

ఆ ఊపిరి విన్నది మా లింబాద్రి అన్న. ఆయనది నిజామాబాద్ దిక్కు, ఇక్కడ వంట. నా పేరు నర్సింగ్ — కార్లు కడగడం, వాకిలి ఊడ్వడం, అన్నను ఏడిపించడం నా డ్యూటీ. మూడోదానికి జీతం లేదు, అయినా ఓవర్‌టైం చేస్తాను.

అన్న కొడుక్కి మూడో ఏడు నడుస్తోంది. పుట్టెంట్రుకలు ఇంకా తీయలేదు. తండ్రి రావాలి, తండ్రి ఒళ్ళో కూర్చోబెట్టాలి. ఈ ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడే. అన్న వాణ్ణి ఫోన్లో తప్ప చూసింది లేదు. జుట్టు భుజాల దాకా పెరిగి, జమున వదిన వాడికి రెండు పిలకలు వేస్తోంది.

సెలవు ఎందుకు రాదంటారా? తుపాకి తేలక.

బాబాకు కూడా ఆఫ్రికా పోయి అడవిదున్నను కొట్టాలని పట్టింది. ఆయన పోతే ఇల్లు మూస్తారు, మా ఇద్దరికీ సెలవు. అక్కడి వేట కంపెనీవాళ్ళేమో ముందు తుపాకి ఏదో చెప్పండి, లైసెన్సూ గుండ్లూ దాన్నిబట్టే అన్నారు. అంతే. అక్కడ ఆగింది బండి.

మూడు డెబ్భై ఐదు సైజు తుపాకి అయితే గురి కుదురుతుంది, కాని దున్న పడకపోతే? నాలుగు యాభై ఎనిమిది అయితే దున్న పడుతుంది, కాని అది వెనక్కి తన్నే తన్నుకు దున్నకన్నా ముందు తన భుజం పడుతుంది. మధ్యలో నాలుగు పదహారు ఉందని ఒక స్నేహితుడు చెప్పాడు — ఆయన ఇంట్లో దీపం ఆరా! సైజుకొకరుగా స్నేహితులు చీలిపోయారు. శుక్రవారం వస్తే చాలు, కహ్వా మీద కహ్వా, వాదన మీద వాదన. కప్పులు అందించీ అందించీ, తుపాకి ముఖం చూడని నాకు కూడా ఏ గుండు ఎంత లోతుకు దిగుతుందో నోటికొచ్చేసింది.

బాబా ఒకరోజు "ఖలాస్, చిన్నదే" అనేవాడు. మేం సంచులు దించేవాళ్ళం. తెల్లారి ఫోన్లో ఏదో వీడియో చూసేవాడు. సంచులు మళ్ళీ పైకెక్కేవి.

"దున్న ఆడ గడ్డి తింటున్నది, బాబా ఈడ మన బుర్ర తింటున్నడు" అనేవాడు అన్న. "అది ముసల్దై దానంతటదే సస్తది రా నర్సింగ్."

నేనేమో అన్న ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా పక్క నుంచి తొంగిచూసి, "అన్నా, బిడ్డకు ఇయాల జడ ఏసిండ్రా, కొప్పు పెట్టిండ్రా?" అనేవాణ్ణి. గరిటె విసిరేవాడు. చలికాలం మొదట్లో ఒకరోజు మాత్రం విసరలేదు. గరిటె అలాగే పట్టుకుని స్టవ్ వైపు తిరిగాడు. ఆ విసరని గరిటె నాకు గట్టిగా తగిలింది.

అందుకే మాట మార్చి ఆయన జలుబు మీద పడ్డాను. ఒక్క తుమ్ము వస్తే చాలు, గిన్నెలో వేడినీళ్ళు, నీలగిరి తైలం, ఊరి నుంచి తెచ్చుకున్న నల్లగొంగడి — కప్పుకుని కూర్చుంటాడు. "అమ్మమ్మ ఆవిరి పడుతున్నదొహో" అని ఇల్లంతా చాటేవాణ్ణి. నాకు జలుబు రాదు, దయ్యం రాదు, దున్న తల నన్ను చూసి అదే భయపడతది అని గొప్పలు కూడా.

ఇక ఆ శుక్రవారం. బయట తుంపర. కొత్త మజ్లిస్‌లో వాదన ముదిరింది. బాబా లేచి, పెదనాన్న పేల్చిన తూటా ఖాళీగుల్ల ఆ దున్న తల కింది అలమారలో ఉంది, తెస్తే అందరం చేత్తో పట్టుకుని చూద్దాం అన్నాడు. నన్ను పిలిచారట. నేను కనబడలేదట.

"యల్లా లింబాద్రి" — పదమని బాబా తొందర.

ఇక్కడి నుంచి అన్న నాకు చెప్పిందే చెబుతున్నాను.

తలుపు తోశాడు. స్విచ్ వేశాడు — వెలగలేదు. ఫోన్ లైటు వేసి పైకెత్తాడు. గాజుకళ్ళు మెరిశాయి. తల తలలాగే ఉంది. అమ్మయ్య అనుకుని ఒక అడుగు వేశాడు...

హుష్ష్...

గోడ మీద కాదు. కింద.

అడుగు ఆగిపోయింది. మళ్ళీ — హుష్ష్... లోపల ఏదో అడ్డుపడ్డట్టు గరగరమంటూ.

లైటు మెల్లగా దించాడు. తల కింద, నేల మీద... నల్లగా, గుట్టలాగా, వీపు వంచి ఒక ఆకారం. వీపు పైకి లేస్తోంది... దిగుతోంది. ముందు నుంచి తెల్లటి పొగ. గదంతా ఏదో అడవి ఆకు వాసన.

అన్న గుసగుసగా, "నేను గాదు తల్లీ... నిన్ను కొట్టింది నేను గాదు..."

ఊపిరి ఆగింది.

గుట్ట ఒక్కసారి వణికింది. లోపల నుంచి ఒక మూలుగు — మనిషిది కాదు, అలాగని గొడ్డుదీ కాదు.

అంతే. అన్న చెప్పులు ఒకచోట, ఫోన్ ఒకచోట, అన్న ఒకచోట. కొత్త మజ్లిస్‌లో కహ్వా కప్పుల మధ్య పడ్డాడు.

అందరూ లైట్లు పట్టుకుని వచ్చేసరికి గదిలో ఏమీ లేదు. నేల మీద మాత్రం తడి. బాబా వంగి రెండు వేళ్ళతో ముట్టుకున్నాడు.

"వెచ్చగా ఉంది" అన్నాడు మెల్లగా.

బాబా పైకి తల ఎత్తి గాజుకళ్ళను చాలాసేపు చూశాడు. "పెద్దదే. నాలుగు యాభై ఎనిమిది. ఖలాస్."

ఆ ఖలాస్ మారలేదు. వారం తిరక్కుండా టికెట్లు వచ్చాయి. ఒక్కటే చిక్కు: అలాంటి ఇంటిని కాపలా లేకుండా వదలకూడదని బాబాకు తోచింది. దున్నకు భయపడనివాడు ఇంట్లో ఒకడున్నాడు కదా అని కూడా తోచింది. నా టికెట్టు అక్కడే ఆగింది.

నిన్న అన్న ఫొటో పంపాడు. ఒళ్ళో నున్నటి గుండు, గుండుకు గంధం, వాడి ఏడుపు, వాడి కన్నా ఎక్కువగా అన్న ఏడుపు. కింద ఒక వాయిస్: "ఆ దున్న పేర కూడ ఒక కొబ్బరికాయ కొట్టిన్రా తమ్మీ. అది కనవడకుంటే నేనింక ఆడనే ఉందును. అవుగాని నా గొంగడి ఎందుకు ఉతికినవ్ రా? గొంగడిని ఎవలన్న ఉతుకుతరా?"

ఇక చెప్పొచ్చు. ముందే చెబితే బాబా మళ్ళీ చిన్న తుపాకి దగ్గరికి పోయేవాడు.

ఆ రాత్రి నాకు జలుబు. రానే రాదన్న జలుబు. అన్న ముందు ఆవిరి పడితే జన్మంతా అమ్మమ్మ అని పిలిపించుకోవాలి. ఎవరూ రాని గది పాత మజ్లిస్ ఒక్కటే. గిన్నె, తైలం, అన్న పెట్టెలోంచి గొంగడి తీసుకుని, తల వైపు చూడకుండా పోయి కూర్చున్నాను. గొంగడి లోపల ఉన్నవాడికి బయట ఏం కనిపిస్తుంది? ఎవరో దగ్గరికి వస్తున్నారు... ఆగారు... బుసబుసా ఊపిరి తీస్తున్నారు. ఆ గదిలో ఊపిరి తీసేది ఎవరో నాకు తెలుసు కదా. తల గోడ దిగిందనుకున్నాను.

అన్న పరిగెత్తాక, వెనక తలుపులోంచి నేనూ పరిగెత్తాను.

గిన్నె ఒలికి నేల తడిసిందనే కదా మీరు అనుకుంటున్నారు? అలాగే అనుకుని ఇక్కడితో ఆపేయండి అందామనుకున్నాను. కాని గిన్నె నేను రెండు చేతులా పట్టుకుని పరిగెత్తాను. నా గదికొచ్చి చూస్తే అందులోంచి ఒక్క చుక్క పోలేదు. గొంగడి ఉతకాల్సి వచ్చింది అందుకే.