ఎదురింటి పొయ్యికి ఎన్ని రోగాలు!

"మళ్ళీ వెళ్ళాడు!"

కుట్టుమిషను టక్కున ఆగింది. కిటికీలోంచి చూస్తే ఏముంది, టూల్ బ్యాగు భుజాన తగిలించుకుని మెకానిక్ ఎదురింటి మెట్లు ఎక్కుతున్నాడు. వారంలో ఇది మూడోసారి. ఆ ఇంట్లోకి కొత్తగా అద్దెకు దిగింది ఒక నర్సు. నవ్విందంటే బుగ్గలు సొట్టలు పడతాయి. ఆ సొట్టలు టైలరమ్మాయికి కంట్లో నలుసులైపోయాయి.

"ఎవరే వెళ్ళింది?" వంటింట్లోంచి అడిగింది అమ్మ.

"ఇంకెవరు? మన కింద షాపు పెట్టుకున్న మహానుభావుడు! ఎదురింటావిడ కరెంటు పొయ్యికి ఎన్ని రోగాలో! సోమవారం వేడెక్కలేదట. బుధవారం మధ్యలో ఆగిపోయిందట. ఇవాళేం వచ్చిందో!"

"రిపేరు చేసేవాడు రిపేరుకు పోక ఏం చేస్తాడు? నీకెందుకే అంత మంట?"

"నాకేం మంట లేదు," అంటూనే చేయి కుట్టాల్సిన చోట మెడపట్టీ కుట్టేసింది.

"సరేలే. మీ పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. ఆ సంబంధం వాళ్ళు ఆదివారం వస్తారట. సాయంత్రంలోగా అవుననో కాదనో చెప్పెయ్. ఇంక నాన్చకు."

ఆ పిల్ల నాన్చుతున్నదే ఈ మెకానిక్ కోసం. అతను షాపు ముందు కనపడితే చాలు, లేని పని కల్పించుకుని కిందికి దిగేది. అతనూ తక్కువ తినలేదు, లేని చిరుగు కల్పించుకుని చొక్కా పట్టుకొచ్చేవాడు. చెప్పుకోవాల్సిన ఒక్క మాట తప్ప ఇద్దరూ బోలెడు కబుర్లు చెప్పుకున్నారు. ఇప్పుడా కబుర్లన్నీ సొట్టబుగ్గల ముందు ఒలకబోస్తున్నాడేమో అనుకునేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది.

అమ్మ టీ కప్పుతో హాల్లోకి వెళ్ళగానే టైలరమ్మాయి వంటింట్లో దూరింది. వాళ్ళదీ కరెంటు పొయ్యే. పిల్లలు ముట్టుకున్నా వెలగకుండా దానికి పెట్టిన లాక్ బటన్ ఒకటుంది. దాన్ని గట్టిగా నొక్కి పట్టింది. తర్వాత ఏ బటన్ నొక్కినా పొయ్యి ఉలకలేదు, పలకలేదు. అప్పుడు ఫోన్ తీసింది.

"హలో, మా పొయ్యి పాడైంది. తీరికుంటేనే రండి. ఎదురిల్లు అయ్యాకే కదా మీకు మేము!"

ఫోన్ పెట్టిందో లేదో అతను వచ్చి వాలాడు.

"ఏమైంది మేడమ్?"

"తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాను? పొద్దున్నుంచి వేడి అన్నదే లేదు."

అతను ప్లగ్ చూశాడు, స్విచ్ చూశాడు. పొయ్యి పైనున్న గాజుపలక మీద అతని చూపు ఆగిపోయింది.

"పొద్దున్నుంచీ చల్లగానే ఉందా?"

"మంచుముక్కలా ఉంది!"

"మరి ఈ ఎర్ర హెచ్ ఎందుకు వెలుగుతోంది?"

రోజూ చూసే అక్షరమే. దాని అర్థమేమిటని ఆమె ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

"గాజుపలక ఇంకా కాలుతోంది, చెయ్యి పెట్టకండి అని దానర్థం. పొయ్యి ఆపేశాక కూడా కాసేపు వెలుగుతుంది. ఇప్పుడే ఎవరో టీ పెట్టారు."

హాల్లో అమ్మ టీ జుర్రిన చప్పుడు నిక్షేపంగా వినిపించింది.

"లాక్ కూడా దానంతటది పడదు. ఎందుకు నొక్కారు?"

"ఎందుకా? ఎదురింటికి పిలవకపోయినా పరిగెడతారు. మా ఇంటికి రావాలంటే పొయ్యి పాడవాలి కదా! అవును, నాకు కుళ్ళే. ఆవిడ బుగ్గలంటే కుళ్ళు, ఆవిడ పొయ్యంటే కుళ్ళు. చాలా?"

"ఆవిడ పొయ్యికేం లేదు. అడుగు వంకరపోయిన గిన్నె పెట్టింది, మార్చమన్నాను. తర్వాత కింద పరిచిన గుడ్డ గాలి కన్నాలకు అడ్డొచ్చి ఆగిపోయింది, తీసేశాను. అంతే."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఏమీ పాడవలేదు. ఒకసారి చూసిపోతానని నేనే వెళ్ళాను."

"చూశారా!" ఆమె కళ్ళు నిండిపోయాయి.

"పూర్తిగా వినండి. ఆ వంటింటి కిటికీలోంచి మీ కుట్టుమిషను కనిపిస్తుంది. కుడుతున్నప్పుడు మీరు నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుంటారు. నా షాపులోంచి అది కనపడదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "నర్సుగారు పసిగట్టేశారు. 'నా పొయ్యి బాగానే ఉంది, వెళ్ళి ఆ అమ్మాయికి చెప్పుకో' అని గెంటేశారు. మెట్లు దిగుతుంటే మీ ఫోన్ వచ్చింది."

"ఏం చెప్పుకోమంది?"

"నువ్వు లేకపోతే నాకు కుదరదని."

హాల్లో ఫోన్లో మాట్లాడుతున్న అమ్మ గొంతు ఖంగున మోగింది.

"అక్కా, ఆదివారం వాళ్ళని రావద్దని చెప్పెయ్. అబ్బాయి మా వంటింట్లోనే ఉన్నాడు. ఆఁ, పొయ్యి బాగుచేస్తున్నాడు. పిల్ల మొహం చూస్తే తెలియడంలా, ఇంక అడిగేదేముంది!"

టైలరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. నవ్వింది. ఆపైన వేలు చూపించింది.

"ఇంక ఆ ఎదురింటికి వెళ్ళొద్దు."

"పొయ్యి నిజంగానే పాడైతే?"

ఆమె చటుక్కున అతని బ్యాగు లాక్కుంది.

"నేనూ వస్తాను. టూల్ బ్యాగు నేను పట్టుకుంటాను."