తొంభై అయిదు, నూట పది

"ఆరు, ఆరు. టైబ్రేక్," అని ప్రకటించింది రాకెట్ పిడి, పెళ్ళికి పిలిచినంత ఆప్యాయంగా.

జోషితకు ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళుగా వారానికి మూడు పొద్దులు కాకినాడ ఉప్పుటేరు పక్కనున్న ఈ కోర్టులో శర్వాణితో ఆడుతోంది. ఒక్క సెట్టయినా ఆరు–రెండుగా తేలిన పాపాన పోలేదు.

ఒదుగులోహం వచ్చాక లోకమంతా ఇంతే. చెప్పు కాలికి ఒదుగుతుంది, మెట్టు మోకాలికి ఒదుగుతుంది, పుస్తకంలో అక్షరం చదివేవారి కంటికి తగినంత పెరుగుతుంది. ఒదుగు రాకెట్ అయితే బంతి తాకే రెప్పపాటులో తల పెంచుకోవడమో ముడుచుకోవడమో చేసి, మళ్ళీ మామూలైపోతుంది. తడబడేవారికి పెద్ద తల, గట్టిగా ఆడేవారికి చిన్న తల. ఓడిపోయామని ముఖం మాడ్చుకునే మనిషే లేకుండా పోయాడు. పైగా ఎదుటివారి రాకెట్ తల ఎంతని అడగడం ఇప్పుడు వయసు అడగడంకన్నా పెద్ద తప్పు. కొట్టేటప్పుడు అటు చూడొద్దని చంటిపిల్లలకు కూడా నేర్పుతున్నారు.

ఆ నెలాఖరున రాజమండ్రిలో స్థిరతల పోటీలు. ఒదగని పాతకాలపు రాకెట్లతోనే ఆడాలి. యాభై దాటిన ఆడవాళ్ళలో కాకినాడకు ఒక్కటే చోటు. మీరిద్దరూ సమానమే కదా, చీటీ తీద్దామని క్లబ్బువాళ్ళు తేల్చేశారు.

"చీటీ ఏంటే? నా ఆట చీటీలో తేలాలా?" అంది జోషిత, తువ్వాలు బెంచీమీద విసిరికొట్టి.

"తీస్తే తియ్యనీ. నీకొస్తే నువ్వెళ్దువుగాని, నాకొస్తే నేనెళ్తాను," అంది శర్వాణి.

"నీకంటే నేను బాగా ఆడతాను. ఆ సంగతి నీకూ తెలుసు."

"నాకేం తెలుసే? ఎప్పుడు చూసినా ఆరు ఆరే కదా," అని నవ్వింది శర్వాణి.

ఆ నవ్వు చూస్తే జోషితకు ఇంకా కడుపు మండింది. తిన్నగా ఇమ్మానుయేలు గారింటికి వెళ్ళింది. ఎనభై రెండేళ్ళ ఆయన ఒకప్పుడు ఈ ఊళ్ళో టెన్నిస్ నేర్పేవారు. అటకమీద మూడు పాత రాకెట్లు మిగిలాయి. గుడ్డతో తుడిచి ఒక్కొక్కటే ఆమె చేతికిచ్చారు.

"ఇది తొంభై అయిదు చదరపు అంగుళాల తలమ్మా. నడిమధ్యన తగిలిందా, నువ్వు చెప్పిన చోటికి బంతిని పంపుతుంది. కాస్త పక్కకు పోయిందా, మణికట్టు పీకేస్తుంది. ఈ నూట పది కొంచెం దయగలది. పక్కన తగిలినా ఎలాగోలా అవతలికి తోస్తుంది. కాకపోతే బంతి ఎక్కడ పడేదీ దానిష్టం."

"మరి ఈ నూరు?"

"ఎటూ తేల్చుకోలేనివాళ్ళకి."

జోషిత మూడింటితోనూ ఆయన పెరటిగోడకు బంతి కొట్టి చూసింది. నూట పదితో అంతా సుళువుగానే ఉంది గానీ, బంతి ఒకసారి గోడ దాటిపోయింది. నూరుతో ఏ ఇబ్బందీ లేదు, ఏ ఉత్సాహమూ లేదు. తొంభై అయిదుతో మొదటి పది దెబ్బలూ అంచుకే తగిలాయి. చెయ్యి జివ్వుమంది. పదకొండోది నడిమధ్యన తగిలి, గోడమీద తను చూసిన పెచ్చునే వెళ్ళి కొట్టింది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళలో తన తప్పు తనకు తెలిసిందీ లేదు, తన ఒప్పు తనకు దక్కిందీ లేదు.

"రేపు శర్వాణీ నేనూ వీటితోనే ఆడి తేల్చుకుంటాం. తొంభై అయిదు నాకు, నూట పది దానికి. గెలిచాక రాకెట్ పుణ్యమని ఎవరూ అనకూడదు," అంది.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఆట మొదలైంది. కుడివైపు వేసిన బంతుల్ని శర్వాణి హాయిగా తిప్పికొట్టింది. ఎడమవైపు వేస్తే మాత్రం రాకెట్ గాలిని కోసింది. ఒకసారి, రెండుసార్లు, ఏడుసార్లు. చూశావా, నేనన్నానా అని జోషిత మనసు గంతులేసింది. పదకొండేళ్ళ కసినంతా కూడగట్టుకుని ఎడమవైపే కొట్టింది. అయిదు–సున్నా.

ఆరో గేములో ఎడమ గీతమీద పడేలా సర్వ్ చేసింది. శర్వాణి కదల్లేదు.

"నెట్‌కి తగిలిందా? రెండోది కొట్టవే," అంది.

బంతి ఆమెను దాటిపోయి, వెనక కంచె దగ్గర ఆగి ఉంది.

జోషిత నెట్ చుట్టూ తిరిగి పరుగెత్తింది. అరచేత్తో శర్వాణి కుడికన్ను మూసి, రెండో చెయ్యి ఆమె ఎడమపక్క ఆడించింది.

"నా చెయ్యేది?"

"నీ ముక్కు కనిపిస్తోంది. చెయ్యి... ఎక్కడ పెట్టావు?"

జోషిత సంచీలోంచి శర్వాణి ఒదుగు రాకెట్ లాగి, మర్యాద సంగతి దేవుడెరుగు, దాని తల ఎంతో శర్వాణి చేతే అడిగించింది. పిడి ఎప్పటి ఆప్యాయతతోనే జవాబిచ్చింది.

"పద్నాలుగు నెలల్లో మీ రాకెట్ తల తొంభై ఎనిమిది నుంచి నూట ముప్ఫై ఆరుకు పెరిగింది. ఎడమవైపు బంతులకు మాత్రమే."

"మరి చెప్పవేం?" అని అరిచింది జోషిత.

"ఆట సమానంగానే సాగింది. ఏ అసౌకర్యమూ కలగలేదు."

జోషిత దాన్ని బలంకొద్దీ కంచెకేసి విసిరింది. అది గాలిలోనే ముడుచుకుని, గీతైనా పడకుండా గడ్డిమీద మెత్తగా వాలింది. పగలగొట్టడానికి కూడా వీల్లేకుండా చేశారు. పదకొండేళ్ళు ఎదురుగా నిలబడి ఈ మనిషి రాకెట్ గురించి కుళ్ళుకుంది గానీ, కళ్ళలోకి ఒక్కసారి చూసిందా? తలచుకుంటే తనమీద తనకే అసహ్యం వేసింది.

"ఇంకో గేమే కదే, పూర్తిచేద్దామా? చోటు నీదే," అంది శర్వాణి చిన్నగా.

"నోర్మూసుకుని బండెక్కు."

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించింది. నీటికాసులంది, అంటే గ్లాకోమా. ఎడమకంట్లో పోయిన చూపు ఇక రాదనీ, మిగిలినదాన్ని, కుడికంటినీ కాపాడుకోవాలనీ, ఏడాది కిందట వచ్చి ఉంటే చాలావరకు నిలిచేదనీ చెప్పింది.

"పక్కన కనిపించకపోవడం మొదట ఎప్పుడు గమనించారు? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"ఇవాళ పొద్దున్నండీ," అంది శర్వాణి. "ఆరో గేములో."