గట్టిపడ్డ మడి

పొద్దున్నే బాక్సుల్లో కూర సర్దుతున్న కోడలికి పెరటి గోడ దగ్గర నుంచి మామగారి గొంతు వినిపించింది. వినిపించకుండా ఎలా ఉంటుంది? ఉద్యోగమంతా రోడ్డు రోలర్ నడిపిన మనిషి. ఆ ఇంజను మోత మీద అరిచీ అరిచీ మెల్లగా మాట్లాడటమే మరిచిపోయారు. వీధిలో అందరికీ ఆయన రోలర్ బాబాయి. ఆ పేరుతో పిలిస్తే మీసం కింద నవ్వుకుంటారు కూడా.

గోడకి అవతల పక్కింటి టీచరమ్మ ఉంది. ఇద్దరూ కలిసి ఒకే స్వీట్‌కార్న్ విత్తనాల పాకెట్ కొని చెరిసగం పంచుకున్నారు. ఆవిడ మడిలో మొక్కలు జానెడు లేచి, ఆకులు విప్పుకుని ఊగుతున్నాయి. ఈయన మడిలో ఒక్క మొలకైనా రాలేదు. రోజూ లేచి వెళ్లి చూడటం, ముఖం మాడ్చుకుని తిరిగిరావడం, ఆ మంట ఇంట్లో ఎవరో ఒకరి మీద కక్కడం. టీకి పంచదార ఎక్కువైనా, ఫ్యాను కిర్రుమన్నా దాని వెనక ఆ మడే ఉండేది.

ఆ ఉదయం టీచరమ్మ చీమలు తినేశాయేమో చూడమంటోంది. చీమలు లేవన్నారు ఆయన. నీళ్లు ఎక్కువయ్యాయేమో అందావిడ. నీళ్లు తనే పోస్తున్నానని, తనకి లెక్క తెలుసని అన్నారు. బట్టలుతికే మెషీను పైపు కోడలు మడి వైపు పెట్టిందని, సబ్బు నీళ్లకి విత్తనం చచ్చి ఉంటుందని చెప్పుకొచ్చారు. ఇక్కడిదాకా కోడలికి అలవాటే. పళ్ల బిగువున కూర సర్దుకుంటోంది. అప్పుడు ఆ మాట వచ్చింది.

"ఏం చేస్తాం టీచరమ్మా, మా కోడలి చేతిలో ఏదీ నిలవదు."

ఊరికే ఉండలేని టీచరమ్మ, ప్రతి మాటకీ ఒక మాట కలిపే టీచరమ్మ ఏమీ అనలేదు. ఆ మౌనంతో కోడలికి తెలిసిపోయింది, ఆవిడకి కూడా అర్థమైందని.

పోయిన వానాకాలంలో ఐదో నెలలో ఆమెకి కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చి ఇంట్లో దింపిన రోజు నుంచి ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్తగారు వేళకి అన్నం పెట్టింది. భర్త మందులు తెచ్చాడు. మామగారు ఆమె కనపడితే పేపరు తెరుచుకున్నారు. అంతే. బిడ్డ కోసం కొన్న మెత్తటి తువ్వాళ్లు కూడా ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో తెలియకుండా బీరువాలోంచి మాయమయ్యాయి.

ఆమె బాక్సు మూత పెట్టకుండానే చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఆమె పని చేసేది బట్టల మెషీన్లు రిపేరు చేసే కంపెనీలో, ఫోన్ల దగ్గర. మెషీను పాడైందని జనం తిడుతూ ఫోన్ చేస్తారు. ప్లగ్గు పెట్టారా అండీ, కుళాయి తిప్పారా, పైపు మడత పడిందేమో చూడండి, అంటూ ఒక్కొక్కటే అడుగుతూ అసలు లోపం ఎక్కడుందో తేల్చడం ఆమె పని. అడక్కుండా ముందే తప్పు ఎవరిదో తేల్చేసేవాళ్లంటే ఆమెకి ఒళ్లు మంట. ఆ రోజు ఒకాయన మెషీన్ని మా ఆవిడే పాడుచేసిందని మొదలుపెట్టాడు. "మీ ఆవిడ సంగతి తర్వాత చూద్దాం, ముందు ప్లగ్గు చూడండి" అనేసింది. పక్క సీటు అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఈమెకి నవ్వు రాలేదు.

మధ్యాహ్నం భర్తకి ఫోన్ చేసి, వేరే ఇల్లు చూడమంది. నువ్వు రాకపోయినా నేను పోతానంది. అతను కంగారు పడ్డాడు. పొద్దున్నది తనూ విన్నానని, నాన్న నోరంతేనని, మనసులో ఏమీ ఉండదని ఏదేదో చెప్పాడు.

"ఆయన మొక్కల గురించే కదా అన్నది" అన్నాడు చివరికి.

"నీకు కూడా మొక్కల గురించే వినపడిందా?"

అతని జవాబు కోసం ఆగకుండా ఫోను పెట్టేసింది.

కోపం ఎంత ఉన్నా దాని అడుగున ఇంకోటి ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పలేదు. పైపు మడి వైపు పెట్టిన మాట నిజం. ఒకసారి నిజంగానే సబ్బు నీళ్లు ఆ పక్కకి పారాయి. తన వల్లే పోయాయేమో. కడుపు పోయినప్పుడు కూడా ఇంతే. బకెట్టు ఎత్తానా, బస్సులో కుదుపుకా, ఆ రోజు మెట్లు గబగబా దిగానా అని వందసార్లు తనని తానే అడుక్కుంది. కారణం ఏదీ లేదని, అలా జరుగుతుంటుందని, నీ తప్పు కాదని డాక్టరు చెప్పింది. కానీ ఆ మాట చెప్పాల్సింది డాక్టరొక్కతేనా?

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ గుమ్మంలోనే పడేసి, కుళాయి పక్కనున్న తాపీ అందుకుని పెరట్లోకి వెళ్లింది. మామగారు అక్కడే ఉన్నారు. టీచరమ్మ దగ్గర మిగిలిన విత్తనాలు అడిగి తెచ్చి రెండో సాలు వేసినట్టున్నారు. పార తిరగేసి మట్టిని దబదబా కొడుతున్నారు. కొట్టి, దాని మీద మడమతో తొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి చూసుకున్నారు. సిమెంటు గచ్చులా నున్నగా ఉంది మడి.

ఆమె మొదటి సాలు దగ్గర కూర్చుని తాపీ గుచ్చింది.

"అక్కడ తవ్వొద్దు" అన్నారు ఆయన.

"చంపింది నేనే అన్నారుగా. శవాలు చూస్తాను."

అత్తగారు తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఎందుకమ్మా దీపాలు పెట్టే వేళ ఈ గొడవ, ఆయన నోరు నీకు తెలియనిదా అని బతిమాలింది. భర్త బండి దిగి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె ఎవరినీ చూడలేదు. పైమట్టి ఎంతకీ దిగడం లేదు. పెచ్చులుగా, పగిలిన పెంకులా లేస్తోంది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. సబ్బు వాసన లేదు. చీమలు లేవు. ఇంకాస్త లోపలికి వేళ్లు పోనిచ్చింది.

విత్తనం దొరికింది. కుళ్లలేదు. మొలకెత్తింది.

తెల్లటి మొలక పైకి వచ్చి, పెచ్చుకి తగిలి, దారి దొరక్క పక్కకి వంగి, మళ్లీ పైకి తిరిగి, మళ్లీ తగిలి, చుట్ట చుట్టుకుపోయి ఉంది. మట్టిలోనే ఆకు విప్పుకుంది పాపం. ఎండ తగలక పాలిపోయిన ఆకు. పక్కన తవ్వింది, అక్కడా అంతే. ఆ పక్కన, అక్కడా అంతే. సాలు పొడుగునా లోపల మొలకలే.

ఆమె నాలుగైదు ఏరి అరచేతిలో పెట్టుకుని లేచి, ఆయన ముఖం ముందు పెట్టింది.

"చూడండి. అన్నీ మొలిచాయి. ముడతలు పడిన బక్క గింజ ఇది, దీనికెంత బలం ఉంటుంది? మీరు రోడ్డేశారు దీని మీద."

"గట్టిగా అదమకపోతే వానకి కొట్టుకుపోదా?" అన్నారు ఆయన. కానీ గొంతు లేవలేదు. ఆయన గొంతు అంత చిన్నగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

"టీచరమ్మ అదిమిందా? ఒక్కసారైనా వేలు పెట్టి చూశారా లోపల ఏముందో? చూడకుండానే నా చెయ్యి మంచిది కాదన్నారు. నా చేతిలో ఏదీ నిలవదన్నారు, ఊరంతా వినేలా." మొలకలున్న అరచేతిని ఇంకాస్త ముందుకు జరిపింది. "ఐదు నెలలు నిలిచింది మావయ్యా. ఐదు నెలలు నాలో తిరిగింది. మీరెవరూ అడగలేదు. తువ్వాళ్లు కూడా దాచేశారు. ఏమీ జరగనట్టు పైన చదును చేసేసి, ఇప్పుడు గోడెక్కి నా చెయ్యి గురించి చెప్తారా?"

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. తలుపు దగ్గర భర్త తలెత్తలేకపోయాడు. ఆయన పార వదిలేసి, కోడలి అరచేతిలోంచి ఒక మొలక తీసుకున్నారు. మోటు వేళ్లతో చుట్టలు విప్పబోతే పుటుక్కున తెగింది. తెగిన ముక్కని చాలాసేపు చూశారు.

"ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు" అన్నారు. "దేవుడి మీద తెచ్చుకుంటే భయం. ఎదురుగా నువ్వున్నావు. నీ మీద తెచ్చుకున్నా."

"నేనేం చేశానని?"

"నువ్వేం చెయ్యలేదు. తప్పు నాదే, తల్లీ. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"గోడ మీంచి అన్నారు. గోడ మీంచే తీసుకోండి."

అంత మాట మామగారితో అంటుందని ఆమే అనుకోలేదు. అత్తగారు బిక్కచచ్చిపోయి మొగుడి వైపు చూసింది. ఆయన నిదానంగా గోడ దగ్గరికి నడిచారు. ఈసారి మడి తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లారు. టీచరమ్మని పిలిచి, పొద్దున్న తను కూసిన కూత తప్పని, కోడలి చేతికి ఏ దోషమూ లేదని, విత్తనాన్ని తొక్కి చంపింది తనేనని చెప్పారు. మెల్లగా మాట్లాడటం రాదు కదా. వీధి చివర కొట్టువాడికి కూడా వినపడి ఉంటుంది. టీచరమ్మ "మంచిది బాబాయిగారూ" అంది.

కోడలి కోపం పోలేదు. ఒక్క సాయంత్రంలో పోయేది కాదు అది. కానీ ఇంట్లోకి పోకుండా మడి గట్టు మీద కూర్చుంది. ఆయన వచ్చి ఆమెకి కాస్త ఎడంగా అదే గట్టు మీద కూర్చున్నారు. ఏదో అడగాలని నోరు తెరిచి, మూసి, మీసం తుడుచుకుని మళ్లీ తెరిచారు.

"పాపా, బాబా?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు కూడా.

"పాప" అంది.

"చూశావా?"

"చూశాను. నర్సు చూపించింది. ఒక్క నిమిషం."

"ఎవరి పోలిక?"

ఆమె తల తిప్పి ఆయన వైపు చూసింది. చప్పిడి ముక్కు మీంచి కన్నీళ్లు మీసంలోకి జారుతున్నాయి, ఆయన తుడుచుకోవడం లేదు.

"మీ పోలికే మావయ్యా" అంది, అని భోరుమంది.