ఒకే ఇంటికి రెండు తాళంచెవులు

"పడవలో మనవాళ్లు ఆరుగురు. ఏ రేవుకి చేరాలో ఆ నంబర్లు సాయంత్రం ఆరుకి వాళ్ల వైర్‌లెస్‌కి వాటంతటవే వెళ్తాయి. శత్రుముఠాకి మాత్రం దొంగ నంబర్లు అందాలి" అన్నాడు చీఫ్.

ఆ నంబర్లు తొమ్మిది గడుల మ్యాట్రిక్స్‌లో ఉన్నాయి. దానికి కాపీ తీసి, కాపీకి ఇంకో మ్యాట్రిక్స్ కూడి, ఆ తప్పుడు సరుకు ముఠాకి అంటగట్టాలి. ఈ పని ఏజెంట్ నత్తది. ఇందుకోసమే పెట్టుడు గడ్డంతో మూడు వారాలు కంప్యూటర్ సెంటర్‌లో సి లాంగ్వేజ్ నేర్చుకున్నాడు. పాఠం చెప్పిన మేడమ్, ముఠాలో చేరిన మన డబుల్ ఏజెంట్. నల్ల కళ్లజోడు తీసిందంటే సగం క్లాసు నోట్సు మానేసేది. పాయింటర్ల పాఠం అయ్యాక అర్థమైందా అని ఆమె అడిగితే, అందరికంటే ముందు తలూపింది నత్తే.

నత్త తయారుచేసిన దొంగ నంబర్ల చిప్‌ని పెన్నులో పెట్టి ముఠాకి ఇచ్చేసి, ఐదూ యాభైకి మేడమ్ కంట్రోల్ రూమ్‌కి వచ్చింది. కాపీ ఎలా తీశావని అడిగింది.

"అసలు మ్యాట్రిక్స్ పాయింటర్ పీ. కాపీకి క్యూ ఈక్వల్స్ పీ అని రాశాను."

"అది కాపీ కాదు. పాయింటర్‌లో ఉండేది అడ్రస్. రెండో తాళంచెవి చేయించావు, ఇల్లు ఒక్కటే. నువ్వు మార్చింది అసలుదాన్నే."

అంటే పడవ కూడా ముఠా కాచుకున్న రేవుకే వెళ్తుంది. నత్తకి ముచ్చెమటలు పోశాయి.

"పడవ నడిపేది మా తమ్ముడు" అంది, గొంతు పెంచకుండా.

చెంప పగలగొట్టినా బాగుండేది. తెలియనిది తెలిసినట్టు తలూపిన పాపానికి ఆరు ప్రాణాలా అని నత్త సిగ్గుతో చచ్చిపోయాడు. గడులన్నీ వరసగా తిరిగే రెండు లూపులు రాశాడు. ఒక సెమికోలన్ మరిచిపోయి మళ్లీ కొట్టాడు. ఒక్కో గడిలో తను కూడినది తీసేసి రన్ చేసేసరికి, ఆరుకి ఒక్క సెకను ఉంది.

పడవ క్షేమంగా చేరింది. మర్నాడు చీఫ్ అందరి ముందూ నత్త భుజం తట్టాడు. ఆ మెచ్చుకోలు అతనికి ముల్లులా గుచ్చుకుంది. జరిగిందంతా చెప్పేశాడు. పడవ దిగి వచ్చిన మేడమ్ తమ్ముడు ఓపిగ్గా విన్నాడు.

"పాయింటర్ల పాఠం రోజు క్లాసులో ఏం చేస్తున్నారు సార్?"

మూడు దేశాల పోలీసులు చితకబాదినా నోరు విప్పని నత్త, ఒక్క ప్రశ్నకే లొంగిపోయాడు.

"మీ అక్కని చూస్తున్నాను."