సెన్సర్ తగిలిస్తే పడిపోయే బోర్డు

"మీ వదినని అరెస్ట్ చెయ్యాల్సి రావచ్చు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తేలు ముఖంలో రంగు మారలేదు. నమ్మబుద్ధి మాత్రం కాలేదు. అమ్మ పోయాక అన్నం పెట్టి పెంచింది ఆ వదినే మరి!

"కారణం?"

"శత్రుదేశం నుంచి తప్పించుకొచ్చిన సైంటిస్టు ఈ సాయంత్రం మన సేఫ్ హౌస్‌లో దిగుతున్నాడు. ఆయన గది అలారం బోర్డు చేసింది మీ వదిన. పొగ సెన్సర్ తగిలిస్తే చాలు, బోర్డు పనిచెయ్యడం మానేసి పడిపోతోంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అందుకే నిన్ను పంపుతున్నా. ఆయన గదిలో అడుగుపెట్టేలోపు తేల్చు."

తేలు ఏసీ మెకానిక్ వేషంలో సేఫ్ హౌస్‌లోని ఆ గదికి వెళ్ళాడు.

"మీసం ఊడుతోంది మరిదీ," అంది వదిన, చేతిలో సోల్డరింగ్ ఐరన్ దించకుండానే.

పక్క కుర్చీలో మైనా కూర్చుని ఉంది. సెన్సర్ల కంపెనీ ప్రతినిధి. మన డిపార్ట్‌మెంట్‌కి శత్రువుల కబుర్లు రహస్యంగా మోసుకొచ్చేదీ ఆమే. ఆమె నవ్వితే ఎంతటి మొనగాడైనా కరిగి నీరైపోవాల్సిందే. తేలు కరగలేదు. తన నీడనే నమ్మని రకం అతను.

వదిన చూపించింది. సెన్సర్ లేనప్పుడు బోర్డుని నడిపించే మైక్రోకంట్రోలర్ చిప్పు బుద్ధిగా పనిచేస్తోంది. పచ్చ లైటు నిలకడగా వెలుగుతోంది. సెన్సర్ తగిలించగానే లైటు ఆరిపోయి, బోర్డు మళ్ళీ మొదటినుంచి స్టార్టవుతోంది. ఆ వెంటనే మళ్ళీ పడిపోతోంది.

"వైర్లు మార్చా. ప్రోగ్రామ్ మొత్తం తుడిచేసి మళ్ళీ ఎక్కించా. ఉహుఁ."

"పాపం, పవర్ చాలట్లేదేమో!" మైనా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అడాప్టర్ తీసింది. "ఇది పెట్టండి. డబుల్ కెపాసిటీ."

"వద్దు," వదిన ఠక్కున అంది. "రోగం తెలీకుండా మందు వెయ్యను."

తేలుకి అనుమానం ముదిరింది. బాగయ్యే దారి చూపిస్తుంటే వద్దంటుందేం? అన్నం పెట్టిన చేతినే శంకిస్తున్నందుకు సిగ్గేసింది కూడా. అయినా డ్యూటీ డ్యూటీయే. అడాప్టర్ లాక్కుని తనే తగిలించాడు.

పచ్చ లైటు వెలిగింది. ఈసారి సెన్సర్ ఉన్నా ఆరలేదు. బయట కారు ఆగిన చప్పుడైంది.

"పనిచేస్తోందిగా! మరెందుకు అడ్డుపడ్డావు వదినా?" అతని చెయ్యి జేబులోని బేడీల మీదకి వెళ్ళింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" వదిన వైరు మధ్యలో కట్టిన మీటర్ చూపించింది. "పొగ సెన్సర్ తినే కరెంటు చీమంత. ఇది ఏనుగులా మేస్తోంది. లోపల ఇంకేదో కాగుతోంది మరిదీ! ఇందాకటిదాకా పవర్ చాలక బోర్డు పడిపోయేది కాబట్టి కాగలేదు. ఇప్పుడు నువ్వు..."

తేలు గిర్రున తిరిగాడు. మైనా అప్పటికే గుమ్మం దగ్గరుంది, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని.

"వైరు పీకెయ్!" అని అరుస్తూ ఆమె మీదకి దూకాడు.

వదిన పీకేసింది. సెన్సర్ జాలీ వెనక చిన్న గాజు గొట్టం, దాని చుట్టూ ఎర్రగా కాగిన తీగ. గాజు మీద వెంట్రుకంత పగులు. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే విషవాయువు గదంతా నిండేది. అదే గుమ్మంలోంచి సైంటిస్టు లోపలికి వస్తూ, బేడీలతో నేల మీదున్న మైనాని చూసి గతుక్కుమన్నాడు.

"ఆ బేడీలు నాకోసం తెచ్చినవేగా?" అడిగింది వదిన.

తేలు ఊడుతున్న పెట్టుడు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"క్షమించు వదినా."

"నేను క్షమిస్తాన్లే. మీ అన్నకి మాత్రం నువ్వే చెప్పుకో."

ఏ శత్రుదేశానికీ బెదరని ఏజెంట్ తేలు, తనని ఇంకో మిషన్ మీద వెంటనే ఎక్కడికైనా పంపెయ్యమని చీఫ్‌కి ఫోన్ చేశాడు.