తల ఎత్తినవాడు

ఏజెంట్ జయరాజుకు భయం వేసింది. తుపాకులకు, సైనైడుకు బెదరని మనిషే. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ మల్లికార్జునయ్య గొంతులోనూ అదే భయం.

"సూర్యుడి మీద పెద్ద మెరుపు కనపడినాది. సునంద స్పేస్ స్టేషన్ బయట రిపేరు చేస్తాండాది."

వ్యోమగామి సునంద, జయరాజు గుత్తి హైస్కూల్లో ఒకే క్లాసు.

"లోపలికి పిలవండి సార్."

"ఉత్త మెరుపుకే పిలవరప్పా. సూర్యుడి రేణువులు రెండు రకాలు. మంట నుంచి నేరుగా ఎగిరొచ్చే దాంట్లో ఇనుము, హీలియం-3 ఎక్కువ. రోంతసేపు వచ్చి ఆగిపోతాది. ఇంకోటి, సూర్యుడు విసిరిన మేఘం ముందు షాక్‌లో పుట్టేది. దాదాపు అంతా ప్రోటాన్లే. అది మీద పడితే ఆ పాప బతకదు. ఏ రకమో మన శాటిలైట్ చెప్తాది, ఆ డేటా దిగేది వజ్రకరూరు డిష్‌కే. శత్రువుల పెట్టె ఆడ్నే, చేలల్లో ఎవడి దగ్గరో ఉండాది. ప్రోటాన్లను దాచి, ఇనుమని దొంగ డేటా పంపుతాది. దాన్ని ఆపు."

ముందురోజు వాన పడింది. ఇంకేం, డిష్ చుట్టూ ఎర్ర చేలన్నీ వానకు తేలిన వజ్రాలు వెతికే జనం. లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టిన జయరాజు వాళ్ళలో కలిశాడు.

"కొత్తోడివా?" పక్కన వెతుకుతున్న తిమ్మక్క అడిగింది. "తల ఎత్తొద్దప్పా. రాయి మెరిసేది రెప్పపాటే. కన్ను తిప్పితే పాయె."

ఎర్ర కారు ఆగింది. నల్లద్దాలు, పట్టుచీర, ఘుమఘుమలాడే సెంటు: వజ్రాల వ్యాపారి వేషంలో గౌతమి. శత్రువుల ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటుంది. చీఫ్ మన మనిషే అంటాడు. జయరాజుకు నమ్మకం లేదు.

"ఉగ్గానిలో ఉప్పు తక్కువా?" అంది.

"ఉప్పు సరే. కారమే ఎక్కువ."

కోడ్ కుదిరింది. "పెట్టె ఎవరి దగ్గరుందో నాకూ చెప్పలేదు," అని గొణిగి ముందుకు నడిచింది.

దేవుడా, ఇంతమందిలో ఎవడని పట్టుకోవాలి? జయరాజు ఓరకంట చేనంతా చూశాడు. వంగిన నడుములు, వంచిన తలలు. అదిగో, ఒకే ఒక్కడు. నీలం టోపీ, పక్కన టిఫిన్ క్యారియర్. డిష్ వైపు చూస్తున్నాడు, సూర్యుడి వైపు చూస్తున్నాడు. వజ్రం కోసం వచ్చినవాడికి ఆకాశంతో ఏం పని?

జయరాజు క్యారియర్ మీదికి దూకాడు. నీలం టోపీవాడు అతని మెడ పట్టేసి అరిచాడు.

"గౌతమీ, కాల్చెయ్!"

ఆమె చేతిలో సైలెన్సర్ పిస్తోలు. గొట్టం జయరాజు గుండెకే గురి. తన చావు సరే, సునందకు చెప్పేదెవరు?

గొట్టం పక్కకు జరిగింది. టప్పుమంది. క్యారియర్‌లో దాచిన పెట్టెలోంచి పొగ లేచింది. నీలం టోపీవాడు తెల్లబోయిన ఆ క్షణంలోనే జయరాజు వాణ్ణి బురదలో పడేసి చేతులు విరిచి కట్టాడు.

"ప్రోటాన్లు," చీఫ్ గొంతు. "అంతా ప్రోటాన్లేనప్పా. సునందను పిలుస్తాండారు."

తర్వాత ఇయర్‌పీస్‌లో గరగర శబ్దమే. జయరాజు లేచి, దాన్ని చెవికి నొక్కి నిలబడ్డాడు. గౌతమి నల్లద్దాలు తీసేసింది. ఆమె కళ్ళలోనూ భయమే.

"స్టేషన్ తలుపు పడినాది. లోపలుండాది. బతికింది," అన్నాడు చీఫ్.

జయరాజు తలకు చుట్టిన తువ్వాలు విప్పాడు. దాంతో కళ్ళు తుడుచుకుంటుంటే, తల ఎత్తకుండానే తిమ్మక్క విసుక్కుంది.

"రోంత పక్కకు జరుగప్పా. ఎండకడ్డం నిలబడినావు."