గోడ వైపు చక్రాలు

ఆ రోజు పొద్దున టైలరమ్మ చాలా కాలం తర్వాత కాఫీ మొత్తం తాగింది. మామూలుగా అయితే సగం తాగి, మిగతా సగం కుట్టుమిషను పక్కన చల్లారబెట్టే మనిషి. ఇవాళ వంటింటి కిటికీ దగ్గర స్టూలు వేసుకుని, ఆవరణలో ఉన్న కారును చూస్తూ గ్లాసు అడుగు కనబడేదాకా తాగింది.

కారు కూతురిది. ఆ పిల్ల పుట్టకముందే రోడ్డెక్కి ముసలిదైపోయిన కారు. పాత ఇనుము కింద అమ్మేస్తుంటే కొనుక్కొచ్చి, రెండేళ్లపాటు ఆదివారాలన్నీ దాని కింద పడుకుని బతికించింది. చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేది కాదని తండ్రి బొంగరం అని పిలిచాడు. ఇప్పుడు మెకానిక్ షెడ్డులో పని చేస్తున్నా ఇంట్లో ఆ పేరే.

అంతా బాగానే ఉంది కానీ, చక్రాల దగ్గరే వచ్చింది తంటా. పాత చక్రాలు తుప్పు పట్టిపోతే, ముందు రెండూ ఒకరి దగ్గర, వెనక రెండూ ఇంకొకరి దగ్గర కొని తెచ్చింది బొంగరం. ముందువి చిన్నవి. వెనకవి పెద్దవి, వెడల్పు కూడాను. అవి ఎక్కించిన రోజు నుంచీ టైలరమ్మకి కంటి మీద కునుకు లేదు. కారు ముక్కు కిందికి పెట్టుకుని తూలిపోతున్నట్టు కనబడేది. బ్రేకు వేస్తే బోర్లా పడిపోతుందేమో. పడితే లోపలున్నది తన పిల్ల.

"కావాలనే అలా వేశానమ్మా. నీకు చెప్పినా అర్థం కాదులే," అనేసేది కూతురు.

ఇవాళ ఆ కారు మూడు గంటల దూరం వెళ్లాలి. అక్కడ పాత కార్లు బాగుచేసే పెద్ద షెడ్డు ఉంది. దాని యజమాని, "నువ్వు చేసిన కారు నడుపుకుంటూ రా. అదే నీ సర్టిఫికెట్. పన్నెండుకల్లా రావాలి," అన్నాడు. వెళ్లి నచ్చితే ఉద్యోగం.

మొన్న రాత్రి టైలరమ్మ ఇక తట్టుకోలేకపోయింది. "నాలుగు చక్రాలూ ఒక్కలా ఉంటే తప్ప ఆ కారు గేటు దాటదు. అప్పటిదాకా నేను ముద్ద ముట్టను," అంది. అన్నట్టే ముట్టలేదు. నిన్న సాయంత్రం బడిపిల్లల యూనిఫారాలు ఇచ్చేసి వచ్చి, కిటికీలోంచి చూస్తే ఏముంది, ముందు చక్రం, వెనక చక్రం రెండూ పెద్దవే. అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన ఉన్నాయి.

"చూశావుగా. ఇక తిను," అన్నాడు మొగుడు, భూతద్దం కంటికి పెట్టుకుని ఎవరిదో గడియారం విప్పుతూ.

టైలరమ్మ తిన్నది. పిల్ల తన మాట విన్నదనుకుని, ఆ సంగతి కూతురి దగ్గర ఎత్తలేదు కూడా. ఎత్తితే ముక్కు మీద కోపం గల పిల్ల, మళ్లీ విప్పేస్తుందేమోనని భయం.

"నా తాళం ఏది?"

బొంగరం వసారాలో నిలబడి ఉంది. సంచి కారు వెనక సీట్లో పడేసి వచ్చింది. తలుపు పక్కన మేకు ఖాళీగా ఉంది.

"మేకుకే ఉంటుంది కదే," అంది తల్లి.

"ఉండాలి. లేదు. అమ్మా, ఇచ్చెయ్."

"నేనేం ఇవ్వను? నా దగ్గర ఉంటే కదా."

"పదిహేడేళ్లప్పుడు స్కూటర్ తాళం పిండి డబ్బాలో దొరికింది. ఈసారి ఏ డబ్బానో చెప్పు, వెతుక్కుంటా. ముందే వెళ్లి ఊపిరి తీసుకుందామని గంట ముందు బయల్దేరాను. అదీ పోయింది."

"ఆ స్కూటర్ సంగతి ఒప్పుకుంటాను. ఇది నాకు తెలియదు. నాకిప్పుడు భయం కూడా లేదు."

"నీకా? భయం లేదా?" బొంగరం నవ్వింది. ఆ నవ్వు తల్లికి సూది గుచ్చుకున్నట్టు తగిలింది. "బడి వాళ్లు విహారానికి తీసుకెళ్తే బస్సు లోయలో పడుతుందని పంపలేదు. ఈత నేర్పించలేదు. నువ్వు కారుకి భయపడటం లేదమ్మా. నేను వెళ్లిపోతానని భయం. నీ మిషను పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటూ ఉంటే నీకు హాయి."

టైలరమ్మ అందులో అబద్ధం ఎంతో వెతుక్కుంది. ఎక్కువ దొరకలేదు.

"మధ్యాహ్నం వెళ్తే కాదా తల్లీ," అన్నాడు తండ్రి, గడియారం మీంచి తల ఎత్తకుండా.

"పన్నెండుకి రమ్మంటే మధ్యాహ్నం బయల్దేరి వెళ్లనా? నువ్వుకూడానా నాన్నా."

టైలరమ్మ ఇంక అక్కడ నిలబడలేదు. కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచింది. సంచి పెట్టేటప్పుడు తాళం కారు కింద జారిపడిందేమో, తానే వెతికి చేతిలో పెడితే పిల్ల కోపం దిగుతుంది. కిటికీ వైపు, అంటే డ్రైవరు వైపు, అంతా చూసింది. లేదు. అవతలి వైపు ప్రహరీగోడకీ కారుకీ మధ్య మనిషి అడ్డంగా దూరేంత సందే ఉంది. కడుపు లోపలికి లాక్కుని దూరింది. వంగింది.

వంగినది వంగినట్టే ఉండిపోయింది.

ఈ వైపు ముందు చక్రం చిన్నది. వెనక చక్రమూ చిన్నదే.

నేల మురుగు కాలువ వైపు వాలుగా ఉంటుంది, అందుకే కారు కాస్త ఒరిగినట్టుంది అనుకుంది పొద్దున. మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి నేలనుంచి టైరు పైదాకా పట్టింది. ఇరవై రెండు అంగుళాలు. మళ్లీ పట్టింది. ఇరవై రెండే. సందులోంచి బయటపడి డ్రైవరు వైపు వెనక చక్రానికి పట్టింది. ఇరవై నాలుగున్నర.

"బొంగరం, ఇలా రా."

"దొరికిందా?"

"లేదు. నువ్వు రా ముందు."

"అమ్మా, ముందువి చిన్నవని తెలుసు. మళ్లీ మొదలెట్టకు."

"ముందుది కాదే. వెనకది. వెనక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

కూతురు విసుక్కుంటూనే వచ్చింది. కారు వెనక నిలబడి ఒక చక్రం చూసింది, రెండో చక్రం చూసింది. ముందుకి వెళ్లి వంగింది. మొహంలో రంగు మారిపోయింది. అక్కడే నేల మీద కూలబడింది.

వసారా మెట్ల మీద తండ్రి నిలబడి ఉన్నాడు. చేతిలో గడియారపు మరలు పెట్టుకునే చిన్న రేకు డబ్బా. మూత తీశాడు. అందులో కారు తాళం ఉంది.

"మీ అమ్మ మొన్న రాత్రి నుంచి తినకుండా కూర్చుంది కదా," అన్నాడు నెమ్మదిగా. "కిటికీలోంచి కనబడేది ఒక్క వైపే కదా అని, నిన్న మధ్యాహ్నం మీరిద్దరూ లేనప్పుడు కారు జరిపి, జాకీ పెట్టి పెద్దవి రెండూ ఇటు, చిన్నవి రెండూ అటు ఎక్కించి, మళ్లీ గోడ పక్కనే పెట్టాను. బోల్టుల కన్నాలు ఒకటే, ఎక్కేశాయి. తెల్లవారుతూనే లేచి మార్చేద్దామనుకున్నా. లేచి చూస్తే కిటికీ దగ్గర మీ అమ్మ, కాఫీ తాగుతూ. ఈమధ్య ఎప్పుడూ అంత నిమ్మళంగా కూర్చోలేదు. లేవమని ఎలా చెప్పను? ఇంతలో నువ్వు గంట ముందే తయారయ్యావు. చక్రాలు మార్చేదాకా నువ్వు కదలకూడదని తాళం దాచానమ్మా."

"గడియారంలో పళ్ల చక్రాలు ఇలాగే వేస్తావా నాన్నా, ఏది చేతికొస్తే అది?"

ఆయన తల దించుకున్నాడు.

"నిన్న పొద్దునే అన్నీ సరిచూశాను," అంది బొంగరం, తనలో తాను అనుకున్నట్టు. "మళ్లీ చూడలేదు. డ్రైవరు వైపు ఎక్కేదాన్ని, వెళ్లిపోయేదాన్ని. మలుపులో ముందు టైరు మడ్‌గార్డుకి రాసుకునేది. వేగంగా పోతూ బ్రేకు వేస్తే..."

"ఇక చాలు," అంది తల్లి. ఇన్నాళ్లూ ప్రమాదం ఎటునుంచి వస్తుందా అని కళ్లు వీధి వైపు పెట్టుకుని కూర్చుంది. అది తన పస్తులోంచి, తన బెంగలోంచి, తన ఇంటి ఆవరణలోనే తయారైంది. కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది.

కూతురు లేచి తల్లి భుజం పట్టుకుంది. "నువ్వు ఏడుస్తుంటే ఇంకా ఆలస్యమవుతుంది. ఆ టేపు పట్టుకుని ఇటు కూర్చో. నువ్వు చొక్కా కుడతావు కదా. ముందు భాగం, వెనక భాగం ఒకే కొలతా?"

"ఎందుకవుతాయి? వీపు వెడల్పు ఎక్కువ."

"చేతులు?"

"చేతులు రెండూ ఒకటే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చొక్కా ఒక పక్కకి లాగుతుంది."

"కారు కూడా అంతే. ఈ కారుని వెనక చక్రాలు తోస్తాయి, అందుకని అవి పెద్దవి పెట్టాను. ముందూ వెనకా తేడా ఉండొచ్చు. కుడీ ఎడమా ఉండకూడదు. ఉంటే పక్కకి లాగుతుంది."

టైలరమ్మ ఏడుపు ఆగింది. "ఈ ముక్క మొదటే చెప్తే నాకు అర్థమయ్యేది కదే."

"చెప్పలేదు. నీకు అర్థం కాదనుకున్నా. తప్పు నాదే."

తాళం తీసుకుని కారుని గోడకి దూరంగా జరిపారు. జాకీ ఎక్కింది. తండ్రి స్పానరు పట్టుకోబోతే, "నువ్వు అక్కడ కూర్చుని టైము చెప్తూ ఉండు నాన్నా, చాలు," అంది బొంగరం. ఆయన బుద్ధిగా కూర్చుని ప్రతి అయిదు నిమిషాలకీ టైము చెప్పాడు. టైలరమ్మ నట్లు గిన్నెలో వేసి అందించింది. ఒక్కో చక్రం ఎక్కగానే టేపు పట్టి, గుడ్డల మీద గీసే సుద్దతో టైరు మీద కొలత రాసింది. ముందు రెండింటి మీదా ఒకే అంకె. వెనక రెండింటి మీదా ఒకే అంకె. కూతురు నట్లు బిగించింది. తల్లి మళ్లీ బిగించమంది. కూతురు మారు మాట్లాడకుండా మళ్లీ బిగించింది.

గేటు తీసింది టైలరమ్మే.

పన్నెండున్నరకి ఫోను మోగింది. రెండో మోతకి ముందే ఎత్తింది.

"చేరాను. పది నిమిషాలు ఆలస్యం. కారు దారం లాగినట్టు తిన్నగా వచ్చింది."

"వాళ్లేమన్నారు?"

"ఆయన కారు చుట్టూ తిరిగి, టైర్ల మీద ఈ సుద్ద అంకెలు ఎవరు రాశారన్నాడు. మా అమ్మ అన్నాను. బయల్దేరే ముందు నాలుగూ కొలిచే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను అన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడమ్మా."

టైలరమ్మ మిషను బల్ల పట్టుకుని కూర్చుంది. సోమవారం అంటే నాలుగు రోజులు. మూడు గంటల దూరం. ఒంటరిగా గది, తెలియని వీధి, వాన పడితే జారే రోడ్డు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుమ్మంలో నిలబడ్డాయి. వాటిని అక్కడే ఉండమంది.

"సంతోషం తల్లీ. తిన్నావా?"

"నువ్వు తిన్నావా?"

"ఇప్పుడు తింటాను. మీ నాన్నకీ పెడతాను, పాపం."

"అమ్మా, నీ టేపు కార్లో ఉండిపోయింది. ఉంచుకోనా?"

టైలరమ్మ మెడ తడుముకుంది. పాతికేళ్లుగా అక్కడ ఉన్నది లేదు. మిషను మీద సగం కత్తిరించిన బడిపిల్లాడి చొక్కా ఎదురు చూస్తోంది.

"ఉంచుకోవే. నా దగ్గర ఇంకోటి ఉందిగా."

ఇంకోటి లేదు. సాయంత్రం వెళ్లి కొనుక్కోవాలి. ఫోను పెట్టేసి, కిటికీలోంచి ఖాళీ ఆవరణని ఒకసారి చూసి, కంచాలు రెండు తీసింది.